చెరువు చేపలకు పట్టు పురుగులు, వాని చికిత్స

వానకాలమున చెరువులు నిండినతోడనే చేపపిల్లలను వదలుట మన మత్స్య సహకార సంఘముల ముఖ్యకార్యము. నర్మెట్ట, బొమ్మకూరు, గండిరామారము మొదలగు గ్రామముల చుట్టుపట్ల చిన్నవియు పెద్దవియునగు కుంటలు, చెరువులు అనేకములు గలవు. వాని నీటితో రైతు వరి పండించుకొనును. ఆ నీటియందే సంఘ సభ్యుడు చేపను పెంచుకొనును. ఆ నీటినే పశువు త్రాగును. ఒక్క నీటికి ఇన్ని యుపయోగము లుండుటచే, చేపకు వచ్చిన జబ్బు చేపలవారిది మాత్రమే యని రైతు ఊరకుండరాదు. ఈ దినము చేపకొరకు చెరువులో పోసిన మందు రేపు తూముగుండ మడిలోనికి వచ్చును. కావున ఈ పాఠమును ఇరువురి కొరకును వ్రాయుచున్నాము.

ఇందు మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే. నిండిన పెద్దచెరువునకు మందు వేసి పురుగును చంపుట మనవల్ల కాదు. పిల్లలను నీటిలో వదలుటకు ముందు, కట్టమీదనే పురుగును పట్టుకొనుట మనచేత నగును. దీనికి వలసినది ఒక బస్తా ఉప్పు, నాలుగు తొట్లు, పదిమంది సభ్యుల ఒక పూట శ్రమ. ఇది యెట్లో క్రమముగా తెలిసికొందము.

1. పరాన్నజీవి యన నేమి?

వేరొక ప్రాణి దేహముపై గాని, దేహములోపల గాని నివసించుచు, దాని రక్తమును దేహరసములను ఆహారముగా గొని బ్రతుకు ప్రాణికి పరాన్నజీవి యని పేరు. ఎద్దునకు పిడుదు ఎట్టిదో, మనుష్యునకు తలపేను ఎట్టిదో, చేపకును అట్టివి గలవు. వీనిలో కొన్ని కంటికి కనబడును. కొన్ని సూక్ష్మదర్శినితో గాని కనబడవు.

చెరువులోని చేపపై ఒకటి రెండు పురుగు లుండుట వింత కాదు. పరాన్నజీవి తనకు ఆశ్రయమిచ్చిన ప్రాణిని వెంటనే చంపినచో తనకును దిక్కులేదు గదా! చేపలు క్రిక్కిరిసి యున్నప్పుడును, నీరు తగ్గి చెడినప్పుడును, మేత చాలనప్పుడును, దూరప్రయాణమున చేప నలిగినప్పుడును పురుగునకు బలము హెచ్చును. అంతట చేప ఎదుగుట మానును. పురుగు చేసిన గాయమునుండి బాక్టీరియాయు బూజును లోనికి ప్రవేశించును. చేపలు చచ్చుట కడపట జరుగు సంగతి. నష్టము మాత్రము అంతకు చాలదినములు ముందే, తూకములో ఆరంభమై యుండును.

2. పూర్వము లేని బాధ ఇప్పుడేల?

“మా తాతల కాలమున ఉప్పుతొట్లు ఎక్కడివి? చేపలు పెరుగలేదా?” యని వృద్ధులు అడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే. ఆ కాలమున చెరువులోని చేప వాగునీటితో వచ్చినది, లేక ఆ చెరువులోనే పుట్టినది. కొరమీను, జెల్ల, పరక మొదలగునవి తమంతట తామే పెరిగెడివి. వెలుపలినుండి తెచ్చి వదలు పిల్లలు స్వల్పము.

బొచ్చె, రోహు, మోసు అను పెద్దజాతి చేపలు నదీప్రవాహమున గ్రుడ్లు పెట్టునవి గాని, నిలువనీటి చెరువులలో సామాన్యముగా పెట్టవు. 1957వ సంవత్సరము జులై 10వ తేదీన ఒడిశాలో డాక్టరు హీరాలాల్ చౌధురీ, ఆయన సహచరులు పీయూషగ్రంథి సారమును సూదిద్వారా ఎక్కించి ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు దేశమున మత్స్యరైతుల దినోత్సవముగా జరుపుచున్నారు. అప్పటినుండి పిల్లల ఉత్పత్తి కేంద్రములు వెలసినవి. తెలంగాణములో 2016-17వ సంవత్సరమున సర్కారువారు చెరువులకు ఉచితముగా చేపపిల్లల నిచ్చు పథకము నారంభించిరి. ఇందువలన సంఘములకు మేలే కలిగినది. కాని ఒకచోట క్రిక్కిరిసి పెరిగిన లక్షలకొలది పిల్లలు లారీ నెక్కి వచ్చునప్పుడు, వానితోపాటు టిక్కెట్టు లేని ప్రయాణికులును వచ్చుట కవకాశము కలిగినది.

ఇది మన దేశమున మాత్రమే కాదు. చైనా ప్రాంతపు గడ్డిచేపను అనేక దేశములవారు కలుపుమొక్కల నివారణకై తెప్పించుకొనిరి. దానితోపాటు దాని ప్రేగులలోని బద్దెపురుగు కూడ ఆ దేశములకు చేరి, అచ్చటి చేపలకు పట్టినది. పురుగు తనంతట తాను సముద్రము దాటలేదు. దానిని మోసినది మనుష్యుడే.

3. ముఖ్యమైన పురుగులు, వాని గురుతులు

చేప పేను: దీనిని అందరును ముందుగా గుర్తింపవలెను. ఇది పప్పుబద్దవలె చదునుగా, గుండ్రముగా, గాజువలె పారదర్శకముగా నుండును. పొడవు అరసెంటీమీటరు మొదలు ఒక సెంటీమీటరు వరకు. రెండు నల్లని కన్నులు, క్రిందిభాగమున రెండు గుండ్రని పట్టులు గలవు. వానితో పొలుసును అంటిపెట్టుకొని, సూదివంటి అవయవముతో చర్మమును పొడిచి రక్తమును, రసమును పీల్చును. పేను పట్టిన చేప నెమ్మదిగా నుండలేదు. రాళ్లకు, గుంజలకు దేహమును రాచుకొనును; ఎగిరిపడును; మేత మానును. చర్మముపై ఎఱ్ఱని చుక్కలు కనబడును. రోహునకు ఇది అధికముగా పట్టును.

దీని జీవితక్రమము తెలిసినవానికి దాని నివారణమును సులభముగా తెలియును. ఆడుపేను చేపను విడిచి ఈదుచు పోయి, నీటిలోని రాళ్లకు, వెదురుగుంజలకు, మోడులకు, నీటిమొక్కల కాడలకు గ్రుడ్లను వరుసలుగా అంటించును. ఒక్క పేను వందలకొలది గ్రుడ్లను పెట్టును. వెచ్చని నీటిలో అవి సుమారు రెండు మూడు వారములకు పొదుగబడును. క్రొత్తగా పుట్టిన పిల్లపేను కొద్దిదినములలో చేపను చేరుకొనలేనిచో చచ్చును. అనగా శత్రువునకు రెండు బలహీనస్థానములు గలవు. గ్రుడ్డు గట్టివస్తువు నంటియుండుట యొకటి. పిల్లపేనునకు చేప దొరుకవలసియుండుట రెండవది.

కొల్లేటి పరిసరములందలి చేపల చెరువులలో ఈ పేను రైతులకు చిరకాలముగా బాధ కలిగించుచున్నది. పేనువలని నష్టము హెక్టారుకు సాలునకు సుమారు 29,500 రూపాయలని భారతదేశపు చేపల చెరువులను గూర్చి 2013లో ప్రచురింపబడిన యొక అంచనా తెలుపుచున్నది. చచ్చిన చేపలు, తగ్గిన ఎదుగుదల, మందుల ఖర్చు ఇట్టి లెక్కలో చేరును.

లంగరు పురుగు: ఇది ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవుగల దారపు పోగువలె చేప దేహమునుండి వ్రేలాడును. తల మాంసములో లంగరువలె నాటుకొని యుండును. తోకకొనను రెండు గ్రుడ్ల సంచులు కనబడును. అది నాటిన చోట ఎఱ్ఱని పుండు పడును. బొచ్చెకు ఇది తరచుగా పట్టును. నాటుకొనిన పెద్దపురుగు మందులకు సులభముగా లొంగదు. నీటిలో తిరుగు దాని పిల్లలు మాత్రమే లొంగును. కావుననే ఒకసారి మందు వేసి “పోయినది” అనుకొనుట పొరపాటు.

మొప్ప పురుగులు: ఇవి కంటికి కనబడనంత చిన్నవి. మొప్పలకు కొక్కెములతో పట్టుకొని యుండును. చేప మొప్పలు పాలిపోయి, జిగురు ఎక్కువై, ఊపిరాడక పైకి తేలుచు నోరు తెరచుచుండును. ఇట్టి లక్షణములనే కలిగించు వేరొక సూక్ష్మజీవియు గలదు. అది గిన్నెమూతవలె గుండ్రముగా నుండి చర్మముపై గిరగిర తిరుగుచుండును. క్రిక్కిరిసిన నర్సరీ కుంటలలో పిల్లలకు ఇవి ముఖ్యశత్రువులు.

తెల్లమచ్చ తెగులు: చేపపై బొంబాయి రవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడును. ఒక్కొక్క చుక్క చర్మము క్రింద దాగిన సూక్ష్మజీవి. చర్మము క్రింద నున్నంతవరకు దానికి మందు తగులదు. పెరిగిన పిమ్మట అది చేపను విడిచి నేలకు చేరి, గూడు కట్టి, వందలకొలది పిల్లలుగా చీలును. ఆ పిల్లలు రెండు దినములలోపల చేపను చేరవలెను. ఇది వేడినీటికి ఓర్వదు. మన ప్రాంతమున డిశంబరు, జనవరి మాసములందు నీరు చల్లబడినప్పుడు దీనిని కనిపెట్టియుండవలెను.

గింజ తెగులు: మొప్పలపై, పొలుసుల క్రింద నూకగింజలంత తెల్లని బుడిపెలు కట్టును. బుడిపెలోపల లెక్కకు మిక్కిలియగు సూక్ష్మబీజము లుండును. 1984లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞులగు వుల్ఫ్, మార్కివ్ అనువారు ఈ కుటుంబమునకు చెందిన యొక జీవి, చేపనుండి బురదలోని ఎఱ్ఱ సన్నపురుగులోనికి పోయి, అచ్చట రూపము మార్చుకొని తిరిగి చేపకు పట్టునని కనిపెట్టిరి. దీనికి నమ్మదగిన మందు లేదు. బుడిపెలున్న పిల్లలను తీసికొనకుండుటయు, బురదను ఎండబెట్టుటయు మాత్రమే మార్గములు.

జలగలు కంటికి కనబడునవే గనుక వివరింపనక్కరలేదు. చేపపై నల్లని చుక్కలుగా కనబడు వేరొక పురుగు కొంగ, నత్త, చేప అను మూడింటిలో చక్రమువలె తిరుగును. నత్తలు తగ్గినచో అదియు తగ్గును.

తినువారికి భయమా యని కొందరడుగుదురు. పేను, లంగరు పురుగు, తెల్లమచ్చ మనుష్యునకు అంటవు. అయినను పుండుపడిన చేపను సంతకు తేరాదు. ఏ చేపనైనను బాగుగా ఉడికించియే తినవలెను.

4. పురుగు కానిదానిని పురుగనుకొనరాదు

తెల్లవారుజామున చేపలన్నియు ఒక్కసారి పైకి తేలి నోరు తెరచి, ఎండ వచ్చిన పిమ్మట మరల లోనికి పోయినచో అది పురుగు కాదు. నీటిలో ప్రాణవాయువు చాలకపోవుట. మబ్బుపట్టిన దినములలోను, నాచు ముదిరిన చెరువులలోను ఇది జరుగును. అప్పుడు మందు వేసిన చేపలు మరింత త్వరగా చచ్చును.

చలికాలమున కొరమీనునకు లోతైన ఎఱ్ఱని పుండ్లు పడుట మరియొకటి. దీనికి మూలము ఒక బూజు. ఇది 1988లో మన దేశపు ఈశాన్యభాగమున ప్రవేశించి, తరువాత ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. 2016లో మన రాష్ట్రపు చేపగా ప్రకటింపబడిన కొరమీనే దీనికి ముందుగా లోనగు జాతులలో నొకటి. పుండు చూచి పురుగుమందు పోయుట నిష్ఫలము.

5. చెరువునకు మందు వేయవచ్చునా? లెక్క చూచుకొందము

పలకపై వేసి చూడదగిన లెక్క యిది. ఒక ఎకరము విస్తీర్ణమున ఒక మీటరు లోతు నీరు సుమారు 40 లక్షల లీటర్లు. మన సంఘపు చెరువు 50 ఎకరములు, సగటు లోతు 2 మీటర్లు అనుకొందము. అప్పుడు నీరు 40 కోట్ల లీటర్లు.

పొటాషియం పర్మాంగనేటును లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేయవలెనన్నచో 800 కిలోలు కావలెను. అదియు బురదనీటిలో చేపపై పనిచేయుటకు ముందే బురదతో కలిసి వ్యర్థమగును. గులాబిరంగు నిముషములలో గోధుమరంగుగా మారినచో మందు ఖర్చైపోయినదని గురుతు. ఇక ఉప్పును లీటరుకు 25 గ్రాముల చొప్పున వేయవలెనన్నచో 10,000 టన్నులు కావలెను. అంత ఉప్పు వేసిన పిమ్మట అది చెరువు కాదు, ఉప్పుమడి. ఆయకట్టు బీడగును.

ఈ లెక్క చూచి నిరాశపడి కొందరు సులభమార్గమును వెదకుదురు. పత్తిచేనికి, వరికి కొట్టగా మిగిలిన పురుగుమందు సీసా ఇంటిలో నుండును. సైపర్‌మెత్రిన్ వంటి మందు కొంచెము చాలునని, పేను చచ్చునని ఎవరో చెప్పుదురు. పేను చచ్చుట నిజమే. కాని ఆ జాతి మందులు చేపకును మిక్కిలి విషము. మందునకును విషమునకును నడుమనున్న ఎడము వెండ్రుకవాసి. చెరువు లోతు ఒకచోట ఒకతీరు గనుక ఆ కొలత ఎవరికి సాధ్యము?

మరియొక సంగతి. పేను రొయ్యజాతికి చెందిన ప్రాణి. బొచ్చెచేప తిను సూక్ష్మమైన నీటిపురుగులలో పెక్కులు ఆ జాతివే. పేనును చంపు మందు బొచ్చె ఆహారమును కూడ చంపును. పేను పోయినను చేప ఆకలితో మాడును. ఆ నీటినే బఱ్ఱెలు త్రాగును, ఆ నీరే మడికి పారును. పూర్వము చేపల చెరువులలో వాడుచుండిన డైక్లోర్వాస్, ట్రైక్లోర్ఫాన్ అను మందులను కేంద్రప్రభుత్వము 2020 డిశంబరు 31 మొదలు నిషేధించినది. మిగిలియున్న పాత సీసాలను ఎవరు చూపినను అంగీకరింపరాదు.

సొంతముగా చిన్నకుంట గలిగి, నీరు బయటికి పోనిచోట, కొలత తెలిసిన మత్స్యశాఖాధికారి సలహాపై మందు వాడుట వేరు. అందరిదియగు చెరువులో ఒకడు తన యిచ్చవచ్చినట్లు మందు పోయుట వేరు. మొదటిది వైద్యము, రెండవది అపరాధము.

6. కట్టమీది చికిత్స

40 కోట్ల లీటర్ల చెరువునకు చేయలేని చికిత్సను 100 లీటర్ల తొట్టిలో చేయవచ్చును. పిల్లలు వచ్చు దినమున ఈ క్రింది క్రమము పాటింపవలెను.

ఒకటవది, పరీక్ష. లారీనుండి వేర్వేరు సంచులలో మొత్తము 30 పిల్లలను తీసి తెల్లని పళ్లెములో కొంచెము నీటితో ఉంచి ఎండవెలుగున చూడవలెను. రెక్కల మొదళ్లు, తోక, పొట్ట, మొప్పమూత లోపలిభాగము తప్పక చూడవలెను. నూటికి 10 పిల్లలకు పురుగున్న సరుకులో, 30 చూచినచో ఒక్కటైనను దొరకుట నూటికి 95 పాళ్లు నిశ్చయము. ఐదారు చూచి “బాగున్నవి” యనుట పరీక్ష కాదు. లంగరు పురుగు, తెల్లమచ్చ, మొప్పలపై బుడిపెలు కనబడినచో ఆ సరుకును తీసికొనరాదు. అవి ఉప్పునీటికి ఊడిపోవు. తీసికొననందుకు కారణమును అచ్చటనే కాగితముపై వ్రాసి సభ్యులు సంతకములు చేసి మత్స్యశాఖవారికి తెలుపవలెను.

రెండవది, విశ్రాంతి. పిల్లల సంచులను విప్పకయే చెరువునీటిలో 15, 20 నిముషములు తేలనిచ్చి నీటివేడిని సమము చేయవలెను. తరువాత పిల్లలను శుభ్రమైన నీరుగల తొట్టిలోనికి మార్చి కొంతసేపు తేరుకొననీయవలెను. అలసిన పిల్లను వెంటనే ఉప్పునీటిలో ముంచరాదు. తేరుకొనుటకని చెరువులోని వలలో ఉంచుటయు తగదు. పేను వల కన్నములగుండ చెరువులోనికి పోవును.

మూడవది, ఉప్పునీటి స్నానము. తొట్టిలో 100 లీటర్ల చెరువునీరు పోసి, అందు రెండున్నర కిలోల దొడ్డు ఉప్పును పూర్తిగా కరిగింపవలెను. 80 మొదలు 100 మిల్లీమీటర్ల పొడవుగల పిల్లలను 250 చొప్పున మెత్తని వలగుడ్డలో నుంచి, ఒకటి రెండు నిముషములు ముంచి తీయవలెను. పిల్లలు ప్రక్కకు ఒరుగుట ఆరంభించినచో గడియారమును చూడక వెంటనే తీయవలెను. 35 మొదలు 40 మిల్లీమీటర్ల చిన్నపిల్లలకు ఉప్పు 100 లీటర్లకు ఒక కిలో చాలును. ముందుగా పదిపిల్లలను ముంచి చూచి, అవి బాగుగా ఈదినప్పుడే మిగిలినవానిని ముంచవలెను.

నాలుగవది, నీటిని మార్చుట. పది విడుతల కొకసారి క్రొత్త ఉప్పునీరు కలుపవలెను. పాతనీటిని చెరువులో పోయరాదు. ఊడిపడిన పేలలో చావనివి అందుండును. కట్టకు వెలుపల బీడునేలపై, పంటకు దూరముగా పోయవలెను.

50,000 పిల్లలకు 200 విడుతలు కావలెను. పదింటి కొకసారి నీరు మార్చినను ఉప్పు మొత్తము 50 కిలోలు, అనగా ఒక బస్తా. నాలుగు తొట్లు పెట్టుకొనినచో ఒక పూటలో పని ముగియును. పదివేల టన్నుల పని ఒక బస్తాతో ముగియుచున్నది గదా!

ఉప్పునీరు సర్వరోగ నివారిణి కాదు. పేలలో పెక్కు ఊడును, జలగలు ఊడును, చర్మముపైని సూక్ష్మజీవులు తగ్గును. నూటికి నూరు పోవునని నమ్మరాదు. పర్మాంగనేటు, ఫార్మలిన్ వీనికంటె బలమైనవే. కాని తూకమున చిన్నతప్పు జరిగినను పర్మాంగనేటు మొప్పలను కాల్చును. ఫార్మలిన్ నీటిలోని ప్రాణవాయువును తగ్గించును. పనిచేయువారి కన్నులకు, ఊపిరితిత్తులకు హాని చేయును. కావున తెలిసినవారు ప్రక్కన లేనిదే వానిని ముట్టరాదు.

7. చెరువులో పేను కనబడినచో

పిల్లలను వదలిన పిమ్మట నెల కొకసారి వలవేసి 30 చేపలను చూచి, పేలను లెక్కించి పుస్తకమున వ్రాయవలెను. ఈ నెల మూడు, వచ్చు నెల ముప్పది యైనచో త్వరపడవలెను. పట్టుబడిన చేపల పేలను చేతితో ఏరి ఎండలో వేయవలెను.

పేను గట్టివస్తువునకే గ్రుడ్లను అంటించునని చెప్పితిమి. దాని తెలివిని దానికే ఉరిగా చేయవచ్చును. వెదురుబద్దలను, గరుకైన పలకలను కట్టపొడవునను, మత్తడిచెంతను మోకాలిలోతు నీటిలో పాతవలెను. వారమునకొక దినము వానిని పెరికి, బాగుగా గీకి, ఎండలో రెండుదినము లారబెట్టి మరల పాతవలెను. వారము తప్పరాదు. తప్పినచో మనము పేనునకు పురిటిగది కట్టించి యిచ్చినట్లగును. నీటిలోని మోడులను, కలుపును తీసివేయుటయు ఇందులో భాగమే.

చేపలు క్రిక్కిరిసినచోట పేను వర్ధిల్లును గనుక, తూకమునకు వచ్చిన చేపలను ముందుగా పట్టి అమ్ముట మంచిది. కిలో చేపను రెండుకిలోలు చేయవలెనన్న ఆశతో నిలుపుకొని, పేనునకు మేతగా చేయరాదు. ఒక చెరువులో వాడిన వలను ఎండలో పూర్తిగా ఆరబెట్టక వేరొక చెరువులో వేయరాదు. అద్దెవలలు ఊరూరు తిరుగునవి. అవి పురుగును ఊరూరు మోయును.

8. ఎండకాలమే మన వైద్యుడు

మెట్టప్రాంతమునకు కరవు శాపమని మన మనుకొందుము. కాని చేపపురుగు విషయమున ఆ యెండయే మనకు మేలు చేసినది. వేసవిలో చెరువు అడుగంటి, శిఖము పగుళ్లు విచ్చినప్పుడు పేను గ్రుడ్లు, నత్తలు, బురదలోని ఎఱ్ఱపురుగులు నశించును. ఏడాది పొడవున నీరు నిలుచు చెరువులకు ఈ మేలు లేదు.

ఇప్పుడు మన స్థితియు మారినది. దేవాదుల ఎత్తిపోతల పథకమున గోదావరి నీరు బొమ్మకూరు, గండిరామారము జలాశయములకు వచ్చి, చెరువులు నిండుట కవకాశము కలిగినది. మన పొలములకు ఇది మహాభాగ్యము. అయితే ఎండని చెరువులో పేను గ్రుడ్డును ఎండదు. నీరు పెరిగినకొలది కట్టమీది పరీక్షయు, స్నానమును మరింత అవసరములగును.

యాసంగి పంట కోత తరువాత ఏ యేటనైనను చెరువు అడుగంటినచో ఆ యవకాశమును విడువరాదు. మిగిలిన మడుగులలోని చేపలన్నిటిని పట్టివేయవలెను. ఒక్క మడుగు మిగిలినను అది వచ్చు ఏటికి విత్తనపు గాదె. తడియారని చోట్ల సున్నము చల్లవలెను. ఎకరమునకు 100 కిలోలు సామాన్యపు కొలత. ఎండిన పూడికమట్టిని రైతులు తోలుకొనినచో పొలమునకు బలము, చెరువునకు లోతు. ఎండకాలమున తూమును ఎప్పుడు తెరచుట, ఎంత నీరు నిలుపుట అను విషయమై రైతులకును చేపలవారికిని తరచు తగవులు వచ్చుచుండును. ఇరువురును మాఘమాసమునందే కూర్చుండి తేదీని నిర్ణయించుకొనినచో, చేపలు సకాలమున పట్టబడును, పంటకు నీరందును, చెరువు శుభ్రపడును.

9. సంఘము చేయవలసిన పనులు

ఈ పనులలో ఒక్కటియు ఒంటరివానిచేత కాదు. ఒకడు తన పిల్లలకు స్నానము చేయించి, ప్రక్కవాడు చేయింపక వదలినచో ఫలము శూన్యము, నీరొక్కటే గదా! సహకారమను మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ ఏమున్నది? కావున ప్రతి సంఘమును చెరువులు నిండుటకు ముందే సభ చేసి, ముగ్గురు పరీక్షకులను నియమింపవలెను. తొట్లు, తక్కెడ, తెల్లపళ్లెము, వలగుడ్డ సంఘపు ఖర్చుపై కొని యుంచవలెను. పేల లెక్కకు ఒక పుస్తకము పెట్టవలెను. కంటికి కనబడని పురుగని అనుమానము కలిగినచో, చచ్చిన చేపను గాక జబ్బుతో బ్రతికియున్న చేపను అదే నీటితో సంచిలో నుంచి జనగామలోని మత్స్యశాఖ కార్యాలయమునకు గాని, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని వెంటనే కొనిపోయి చూపవలెను. చచ్చి కొంతసేపైన చేపను సూక్ష్మజీవులు పెక్కు విడిచిపోవును గనుక పరీక్షకు పనికిరాదు.

అధ్యయన మండలివారు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన చెరువు ఎన్ని ఎకరములు, సగటు లోతెంత? అందలి నీరు ఎన్ని లీటర్లు?
2. కడచిన ఏడు వచ్చిన పిల్లలను ఎవరు, ఎన్నింటిని పరీక్షించిరి?
3. పేను గ్రుడ్లు పొదుగబడుటకు రెండు మూడు వారములు పట్టునప్పుడు, వెదురుబద్దలను వారమున కొకసారి ఏల తీయవలెను?
4. లంగరు పురుగు, తెల్లమచ్చ ఉన్న పిల్లలను ఉప్పునీట ముంచిన చాలదా? కారణము చెప్పుము.
5. మన గ్రామమున వలలు ఏయే చెరువులనుండి వచ్చుచున్నవి? వానిని ఆరబెట్టు బాధ్యత ఎవరిది?
6. వచ్చు వేసవిలో చెరువు అడుగంటినచో, తూము తేదీని నిర్ణయించుటకు రైతుల పక్షమున ఎవరు, చేపలవారి పక్షమున ఎవరు కూర్చుందురు?

ఆరవ ప్రశ్నకు పేర్లతో జవాబు వ్రాసికొని సభ ముగింపవలెనని మా మనవి.